పై నాలుగు లైన్లు

కోదాడ సెంటర్లో ప్రింటరు మొరాయించిందని ఫోనొస్తే పొద్దున్నే సూర్యాపేటలో బస్సెక్కాను. మునగాల దాకా నిలబడే వచ్చాను. కోదాడలో దిగి మా సెంటరున్న సందులోకి తిరుగుతుంటే, కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయన కనిపించారు. మెడలో దండ, వెనక నీలం మబ్బులు, ఒంటి మీద నల్ల కోటు, టై. కోటు ఫ్లెక్సీ షాపువాడు తొడిగింది. బతికుండగా ఆయన ఒంటి మీద కోటు సంగతి దేవుడెరుగు, సరిగ్గా ఇస్త్రీ చేసిన చొక్కా కూడా నేను చూడలేదు. మనిషి పోయాక పెద్దమనిషిని చెయ్యడానికి మన దగ్గర ఎవరూ వెనకాడరు. కింద దశదిన కర్మ తేదీ వేశారు. అది దాటిపోయి నాలుగు రోజులైంది.

ఫ్లెక్సీ మీద పేరుంది, పెద్ద పెద్ద అక్షరాల్లో. ఇక్కడ మాత్రం నేను రాయను. ఆయన పేరు ఒకే ఒకసారి కాగితం మీద రాశాను. ఆ ఒక్కసారికే ఆయన బతుకు బజారున పడింది.

మాది సూర్యాపేటలో ఒక డయాగ్నస్టిక్ సెంటరు. కోదాడలో, మిర్యాలగూడలో రక్తం తీసుకుని మాకు పంపే చిన్న సెంటర్లున్నాయి. మూడు ఊళ్ళ రిపోర్టులూ సూర్యాపేటలో ఒకే సర్వర్లో ఉంటాయి. ఆ సర్వరు ఆయన చేతిలో ఉండేది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నన్ను ఆయన కింద వేశారు. మిర్యాలగూడ రిపోర్టుల బాధ్యత నాది.

సర్వరు గది అంటే మరేం లేదు, లిఫ్టు పక్కన సెలైన్ అట్టపెట్టెలు పేర్చే గదిలో ఒక మూల. అయినా ఆయన గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి పోయేవారు. మొదటిరోజు నేను చెప్పులతో పోబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"జర ఆగు బిడ్డా. గీ డబ్బల మూడు ఊర్ల మంది పండుకొని ఉన్నరు. చెప్పులేసుకొని పోతమా?"

నాకు నవ్వొచ్చింది. చెప్పులు మాత్రం విడిచాను.

ఎప్పుడూ బుగ్గన లవంగం ఉండేది. జేబులో రెండు పెన్నులుండేవి, ఒకదాంట్లో రీఫిల్ లేదు, అది మెషిన్ వెనకాల చిన్న బొత్తాం నొక్కడానికి. కీబోర్డు మీద రెండు వేళ్ళతోనే కొట్టేవారు. ఒక్కో అక్షరం కొడుతూ పెదాలతో చదివేవారు, ఎక్కాలు ఒప్పజెప్పే పిల్లాడిలా. లైను పూర్తయ్యాక ఎంటర్ కొట్టేవారు కాదు. చెయ్యి వెనక్కి తీసుకుని, పక్కనున్న సీసా ఎత్తి, ఒక గుక్క నీళ్ళు తాగేవారు. తర్వాత కొట్టేవారు. ప్రతిసారీ ఇదే తంతు. రోజూ బండెడు పని ఉన్న చోట ఈ నీళ్ళ పూజ ఏంటని నాకు ఒళ్ళు మండేది.

"అన్నిసార్లు నీళ్ళెందుకు సార్?" అని అడిగాను ఒకసారి.

"గుటక దిగేలోపు తప్పేందో కానొస్తది బిడ్డా. ఎంటర్ కొట్టినంక కానొస్తే ఏం లాభం?"

నా పక్కన కూడా ఒక సీసా తెచ్చి పెట్టారు. ఆ నీళ్ళు నేను మధ్యాహ్నం టిఫిన్ బాక్సు కడుక్కోవడానికి వాడేదాన్ని.

ఇంకో అలవాటు. డిలీట్ అన్న మాట ఆయన నోట రాదు. ఏదైనా తీసెయ్యాలంటే "పక్కకు పెట్టు" అనేవారు. నేను డిలీట్ అంటే మొహం చిట్లించేవారు, శుభమా అని పోతుంటే తుమ్మినట్టు.

మౌస్ లేకుండా కమాండ్లు కొట్టే నల్ల స్క్రీన్ మీద పనిచెయ్యడం నాకు ఆయనే నేర్పారు. బి.కాం. చదివి, ఆరునెలల కంప్యూటర్ కోర్సు చేసిన దాన్ని. ఆ స్క్రీన్ చూస్తే వణుకు పుట్టేది. కమాండ్లకు మారుపేర్లు పెట్టొచ్చని ఆయన చెప్పిన తీరు ఇప్పటికీ చెవిలో ఉంది.

"నిన్ను ఇంట్ల ఏమని పిలుస్తరు?"

"చిట్టీ అంటరు సార్."

"బడి రిజిస్టర్ల అదే ఉందా?"

"లేదు సార్, వేరే ఉంది."

"ఏ పేరుతోటి పిలిచినా పలికేది నువ్వే గదా. మెషిన్ల గూడ అంతే. పొడుగు కమాండుకు మనం ఒక ముద్దుపేరు పెట్టుకోవచ్చు. పిలిస్తే పలుకుతది."

అట్లా ఆయన మా సర్వరుకు మా యాసే నేర్పారు. "సూడు" అని కొడితే ఫోల్డర్లో ఉన్నవన్నీ వరసగా వచ్చేవి. "పోతున్న" అని కొడితే బయటికి వచ్చేసేది. సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ ఇంజనీరు ఒకసారి హైదరాబాద్ నుంచి వచ్చి, ఇది చూసి పగలబడి నవ్వాడు. "ఇదేం భాషండీ" అన్నాడు.

"మా సూర్యాపేట భాష సార్. దానికి సమజైతంది, మీకే అయితలేదు" అన్నారు ఈయన, లవంగం ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకు మారుస్తూ.

ముద్దుపేర్లన్నీ నాకు చెప్పారు. ఒక్కటి మాత్రం దాచారు.

చేరిన ఏడాదికి నేనొక ఘనకార్యం చేశాను. పనికిరాని టెస్ట్ ప్రింట్లు తీసేద్దామని కూర్చున్నాను. కమాండ్ సరిగ్గానే కొట్టాను, కానీ అప్పుడు నేనున్నది ఆ ఫోల్డర్లో కాదు, మిర్యాలగూడ ఫోల్డర్లో. ఎంటర్ కొట్టాను. నీళ్ళూ లేవు, గుటకా లేదు. ఒక నెల రిపోర్టులు మొత్తం మాయం. పైప్రాణాలు పైనే పోయాయి. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడక్కపోతే బతికిపోతానని వారం రోజులు దేవుడికి మొక్కుకుంటూ గడిపాను.

వారానికి ఒక ముసలమ్మ వచ్చింది. మిర్యాలగూడ అవతల ఏదో తండా. వెంట వచ్చిన మనవరాలితో వాళ్ళ భాషలో, మాతో తెలుగులో మాట్లాడుతోంది. ఆమె కొడుకు గొంతులో గడ్డకు ముక్క పరీక్ష చేయించారు. ఇచ్చిన కాగితం వానకు తడిసి ముద్దయిందట.

"రేపు పట్నం పోవాలె సారూ. ఆ కాయితం లేకుంటే మళ్ళ ముక్క కోస్తమన్నరు దవాఖాన్ల. వాడు తట్టుకోడు. జర సూడున్రి."

ఏ నెలలో చేయించారో చెప్పింది. నేను తీసేసిన నెలే. ఆయన నా మొహం చూశారు, స్క్రీన్ చూశారు, మళ్ళీ నా మొహం చూశారు.

"పోయి అవ్వకు చాయ్ చెప్పిరా బిడ్డా."

నేను చాయ్ తీసుకుని వచ్చేసరికి ప్రింటర్లోంచి కాగితం వస్తోంది. ముసలమ్మ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది. వాళ్ళు పోయాక చూస్తే ఫోల్డర్లో నెల మొత్తం ఉంది, ఒక్క ఫైలు కూడా తగ్గలేదు.

"ఎట్ల దొరికింది సార్?"

"పోతే గదా దొరకనీకి." ఇంకేం చెప్పలేదు. నీళ్ళ సీసా మూత బిగిస్తూ, "ఎవ్వలకు చెప్పకు, నేను గూడ చెప్ప" అన్నారు.

ఆయన మాట నిలబెట్టుకున్నారు. ఈ కథలో మాట నిలబెట్టుకున్న మనిషి ఆయనొక్కరే.

నేను మాత్రం ఏదో బ్యాకప్ ఉందిలే అనుకుని గుండె మీద చెయ్యేసుకుని బతికాను. ఆ తర్వాత ఎన్ని తీసేశానో లెక్కలేదు. తీసేసినవి కావాలంటే ఆయన ఎక్కడినుంచో తెచ్చిపెట్టేవారు. భయమన్నది నా వేళ్ళకు తెలియకుండా పోయింది. అది ఆయన చేసిన తప్పని ఇప్పుడు అనిపిస్తుంది. తప్పు ఆయనదని అనుకోవడం నాకు సులువు కూడా.

మూడేళ్ళ తర్వాత మా సెంటరు యజమాని డాక్టరుగారి బామ్మర్ది మేనేజరుగా దిగాడు. అదే రోజుల్లో రోడ్డవతల ఇంకో ల్యాబు తెరిచారు. ఇతని కంటికి మా స్టాఫులో ప్రతివాడూ అవతలివాళ్ళ మనిషే. ఒకరోజు సర్వర్లో చోటు నిండిపోయి రిపోర్టులు ఆగిపోయాయి. ఆయన ఆ రోజు లీవులో ఉన్నారు, భార్యకు కంటి ఆపరేషన్. హైదరాబాద్ ఇంజనీరు ఫోన్లోనే వెతికి, ఆయన పేరు కింద దాచిన ఒక ఫోల్డర్ పట్టుకున్నాడు. ఫోల్డర్ పేరు అటుక. ఇంట్లో పాత సామాను పడేసే అటుకే. మేము ఇన్నేళ్ళుగా తీసేశామనుకున్న రిపోర్టులన్నీ అందులో ఉన్నాయి.

మేనేజరు నన్ను పిలిచాడు.

"మనం డిలీట్ కొడితే ఆయన ఫోల్డర్లకు పోతున్నయంట. పేషెంట్ల రిపోర్టులు దాచుకొని అవతల ల్యాబుకు అమ్ముతున్నడు. అది ఎక్కడ సెట్ చేసిండో వెతికి ప్రింట్ తియ్యి. రేపు పొద్దుగాల నా టేబుల్ మీద ఉండాలె."

వెతికాను. తీసేసే కమాండ్ ఉంది కదా, అసలు నువ్వెవరని ముందు దాన్నే అడిగాను. నేను వేరేదానికి మారుపేరునని చెప్పింది. మరి ఆ పేరు ఎక్కడ పెట్టారు? మనిషి లాగిన్ అయి లోపలికి రాగానే మెషిన్ చదువుకునే ఫైలు ఒకటి ప్రతివాళ్ళ ఫోల్డర్లోనూ ఉంటుంది. నా దాంట్లో చూశాను, లేదు. ఆయన దాంట్లో చూశాను, లేదు. అందరికీ కలిపి ఉండే పెద్ద ఫైల్లోనూ లేదు. దాని పక్కనే చిన్న చిన్న ఫైళ్ళుండే ఫోల్డర్ ఒకటుంది, ఎవరు వచ్చినా మెషిన్ వాటిని కూడా చదువుతుంది. అందులో దొరికింది, ముద్దుపేర్ల ఫైలు. సూడు, పోతున్న, అన్నీ అక్కడే ఉన్నాయి. వాటి కింద ఆ దాచిన ఒక్కటి. తీసెయ్యమంటే తీసెయ్యకుండా అటుక మీదికి ఎక్కించమని.

ఫైలు పైన నాలుగు లైన్లున్నాయి. అట్లాంటి లైన్లను మెషిన్ పట్టించుకోదు, అవి తర్వాత చూసే మనుషుల కోసం. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

ఇది తీసెయ్యొద్దు, చెయ్యి ఎవరిదైనా జారుతది.
ముందు నా చెయ్యే జారింది, సూర్యాపేట ఫోల్డరు పోయింది, మళ్ళ రాలేదు.
తర్వాత మిర్యాలగూడ ఒక నెల పోయింది, అటుక మీద దొరికింది.
బ్యాకప్ డిస్కు అడిగి అడిగి యాష్టకొచ్చింది, చెప్తే అందరికి భయం పోతదని చెప్పలే.

నాలుగు సార్లు చదివాను. ఆయన నిర్దోషి అని చెప్పడానికి ఆ నాలుగు లైన్లు చాలు. కానీ మూడో లైనుంది. మిర్యాలగూడ ఎవరి చేతిలో ఉందో మేనేజరుకు తెలుసు. ఆ నెలలోనే నన్ను పర్మనెంటు చెయ్యాలా వద్దా అన్నది తేల్చబోతున్నారు. మూడో లైను ఒక్కటే తీసేస్తే మధ్యలో వెలితి కనపడుతుందని, అసలు ఫైలు ముట్టకుండా, దాని కాపీలో నాలుగూ తీసేసి ప్రింట్ తీశాను. కింద ఒక వాక్యం రాశాను. ఫలానావారు యాజమాన్యానికి తెలియకుండా ఈ ఏర్పాటు చేశారని. ఫలానావారు అన్నచోట ఆయన పేరు రాశాను, ఇంటిపేరుతో సహా.

మర్నాడు ఆయన వచ్చారు. మేనేజరు కాగితం ముందుకు తోశాడు. నేను బీరువా పక్కన నిలబడి ఉన్నాను. ఆయన కాగితం అందుకుని, ఎప్పటిలాగే పెదాలతో చదివారు. కింది దాకా చదివి, మళ్ళీ పైకి వెళ్ళారు. కాగితం పై అంచు మీద బొటనవేలు పెట్టి రుద్దారు, అక్కడ ఏదో అంటుకుని ఉన్నట్టు. తర్వాత నా వైపు చూశారు.

"ఇది మొత్తం ఫైలేనా బిడ్డా?"

నేనప్పుడు అవుననకుండా ఉండాల్సింది. కనీసం నోరు మూసుకుని ఉండాల్సింది.

"మొత్తం ఇంతే సార్" అన్నాను.

"సరే అయితే" అన్నారు.

మేనేజరు అరిచాడు, పోలీసులన్నాడు, నమ్మకద్రోహమన్నాడు. ఆయన కాగితం మడిచి మేనేజరు ముందు పెట్టారు. జేబులోంచి రీఫిల్ లేని పెన్ను తీసి టేబుల్ మీద పెట్టారు. "సర్వరు ఆగిపోతే దీంతోటి నొక్కున్రి, వేలు పట్టది" అన్నారు. గడప దగ్గర చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. తెరిచి చూపించండని ఒక్క మాట అంటే ఫైలు అక్కడే ఉంది, నాలుగు లైన్లతో. అనలేదు. అంటే నా పని అయిపోయేది.

ఆ మధ్యాహ్నమే ఫైలు తీసెయ్యమన్నారు, అటుకను కూడా ఖాళీ చెయ్యమన్నారు. రెండూ నేనే చేశాను. మరుసటి నెల నన్ను పర్మనెంటు చేశారు. స్టాఫుకు స్వీట్లు కూడా పంచాను, అంత సిగ్గులేనిదాన్ని.

తర్వాత ఎన్నాళ్ళో పట్టలేదు. కోదాడ ఫోల్డర్లో పాతవి సర్దుతూ, అలవాటు చొప్పున ఒకటి తీసేశాను. తీసెయ్యకూడనిది. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకతను పాత ఊపిరితిత్తుల రిపోర్టు కోసం వచ్చాడు. కొత్తదాని పక్కన పెట్టి చూడాలన్నారట డాక్టరు. "మీ కాడనే ఉంటదన్నరు మేడం" అంటూ దగ్గుతూ బల్ల మీద కూర్చున్నాడు. వెతికాను. అటుక లేదు, ఇంకేముంటుంది. బయటికొచ్చి ఆయనకు ఫోన్ చేశాను. ఏ మొహం పెట్టుకుని చేశానని మీరడగొద్దు. చేశాను, అంతే.

ఎత్తి, "నీళ్ళు తాగినవా బిడ్డా?" అన్నారు ముందు.

జరిగింది చెప్పాను.

"అటుక ఉందా?"

"తీసేయించిన్రు సార్. నేనే తీసేసిన."

అవతల బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి.

"అయితే లేదు బిడ్డా. ఖతం. ఆ మనిషిని కూసోబెట్టకు, లేదని చెప్పి పంపియ్యి. ఆశ పెట్టుకొని కూసుంటడు."

తిట్టలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని. ఆయనతో నేను మాట్లాడింది అదే ఆఖరు.

దొంగ అన్న మాట మూడు ఊళ్ళలోనూ పాకింది. ఏ ల్యాబూ ఆయన్ను తీసుకోలేదు. రోడ్డవతలి ల్యాబు కూడా తీసుకోలేదు. వాళ్ళకే అమ్మాడన్నారు కదా, మరి వాళ్ళెందుకు తీసుకోలేదని మా దగ్గర ఒక్కరూ అడగలేదు, నాతో సహా. కోదాడలో ఒక జిరాక్స్ షాపులో కూర్చుని అప్లికేషన్లు నింపేవారని తెలుసు. సెంటరు పని మీద వచ్చినప్పుడల్లా ఆ షాపు ముందు నుంచి పోవాలి. నేను అవతలి పక్క నుంచి పోయేదాన్ని.

ఫ్లెక్సీ చూసిన రోజు సెంటరుకు వెళ్ళాను. ప్రింటరుకు ఏ రోగమూ లేదు, కాగితం ఇరుక్కుంది. లాగి పారేసి, ఫ్లెక్సీ మీదున్న వాడకట్టు పేరు అడుక్కుంటూ ఆయన ఇంటికి వెళ్ళాను. దారి పొడుగునా ఒకటే అనుకున్నాను, ఈరోజు చెప్పేస్తానని. పోయిన మనిషి ఎట్లాగూ తిరిగిరాడు, కనీసం ఇంట్లోవాళ్ళకు తెలియాలని.

ఆయన భార్య ఒక్కతే ఉంది. కోదాడ మనిషి. మందపాటి అద్దాలు. ల్యాబు నుంచి వచ్చానంటే చాప మీద కూర్చోబెట్టింది.

"నువ్వేనామ్మా ఆ పిల్లవి? చెప్తా ఉండేవారు. చెయ్యి చురుకు, తెలివైంది, నీళ్ళే తాగదు అని." నవ్వింది. లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టింది.

తర్వాత ఎదురుగా కూర్చుని, పైట అంచు వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"ఒక్క మాట చెప్పమ్మా. ఆయన ఏం తప్పు చేశారు? ఎన్నిసార్లు అడిగినా ఏం లేదులే అనేవారు. మా అన్నలు కూడా దొంగ అన్నారు. ఆఖరికి నేను కూడా ఒకరోజు అడిగేశాను, నిజంగానే తీశారా అని. ఆ రోజు అన్నం ముట్టలేదు మనిషి. నువ్వు అక్కడే ఉన్నావుగా. తీశారా, లేదా? ఆ ఒక్కటి చెప్పు చాలు."

గోడ మీద అదే ఫొటో ఉంది, కోటు లేకుండా. జేబులో ఒకటే పెన్ను.

గ్లాసెత్తి ఒక గుక్క తాగాను. గుటక దిగేలోపు తప్పేందో కానొస్తదనేవారు. కనిపించింది, మూడో లైనుతో సహా. పర్మనెంటయిన ఉద్యోగం, మూడు ఊళ్ళలో నాకున్న మంచిపేరు, అన్నీ కనిపించాయి. గ్లాసు కింద పెట్టాను.

"నాకు తెల్వదమ్మా. నేనప్పుడు లీవుల ఉన్న" అన్నాను.